ఇటుక కాలువల వ్యాసం ఎవరిది?

మండలి కార్యాలయంలో అడుగు పెట్టగానే ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. పాత కాగితం వాసనంటే ప్రాణమిచ్చేవాళ్ళు లోకంలో ఉన్నారు. కాని అది పాత కాగితం వాసన కాదు. కిటికీలు తెరవని గదుల్లో ఏళ్ళ తరబడి మగ్గిన బంక, తడిసి ఆరి మళ్ళీ తడిసిన తివాచీ, టీ ఒలికిన బల్లగుడ్డలు, వీటన్నిటి మీదా కార్యదర్శిగారు ఉదారంగా చల్లే అత్తరు. గోడల మీద మాజీ అధ్యక్షుల ఫొటోలు వరసగా వేలాడుతుంటాయి. చరిత్ర అనేది తమ పెరట్లో కాసిన కాయ అన్న ధీమా అందరి మొహాల్లోనూ ఒకటే.

చరిత్రకూ వారసత్వానికీ అంకితమైన ఈ పరిశోధక మండలి ఏటా ఒక లావుపాటి సంపుటం అచ్చు వేస్తుంది. దాని ప్రూఫులు దిద్దే ఆవిడ మెట్ల కింది గదిలో కూర్చుంటుంది. ఆవిడను అందరూ ఎర్రపెన్ను అంటారు. మొదట్లో చాటుగా అనేవారు, తరవాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఆవిడ పట్టించుకోలేదు. పండితుల రచనల్ని అచ్చులో చూసేవాళ్ళకు గౌరవం కలుగుతుంది, అచ్చుకు ముందు చూసేవాళ్ళకు కలిగేది వేరు. కర్తకూ క్రియకూ పొత్తు కుదరని వాక్యాలు, చదవని పుస్తకాల నుంచి ఉటంకింపులు, ఒక శతాబ్దం అటూ ఇటూ అయిన తేదీలు. అవన్నీ కడిగి, తుడిచి, బొట్టూ కాటుకా పెట్టి పంపడం ఆవిడ పని. అచ్చయ్యాక ఆ పండితులే వేదికెక్కి, "మా సంపుటంలో ఒక్క తప్పు చూపించండి!" అని సవాలు విసురుతారు.

ఆ వేళ ఆవిడ బల్ల మీదికి వచ్చింది అధ్యక్షులవారి వ్యాసం. ఊరి నేల కింద ఎప్పుడో కట్టి, ఎవరూ వాడక మరిచిపోయిన ఇటుక కాలువల గురించి. మొదటి పేజీ అంతా ఆయన సొంత పద్ధతిలోనే ఉంది. "నా పూర్వ రచనలలో నేను సాధికారికంగా నిరూపించినట్లు" అన్న మాట నాలుగైదుసార్లు దొర్లింది. రెండో పేజీ తిప్పేసరికి భాష మారిపోయింది. చిన్న చిన్న వాక్యాలు. ఏ కాలువ ఎంత ఎత్తు, ఎక్కడ వంగి నడవాలి, ఎక్కడ మోకాళ్ళ మీద పాకాలి, ఏ ఇటుక కాల్చినది, ఏది ఎండబెట్టినది. పెన్ను పెట్టడానికి చోటు లేదు. ఆయన చేతి నుంచి ఇంత శుభ్రమైన భాష వచ్చిందంటే లోకంలో ఏదో పెద్ద మార్పు జరిగి ఉండాలి, లేదా మామూలుగా జరిగేదే జరిగి ఉండాలి.

ఫొటోల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చేయి ఆగిపోయింది. పాత కట్టడాల ఫొటోలు తీసేవాళ్ళు, గోడ ఎంతుందో చూసేవాళ్ళకు తెలియడానికి పక్కనే కొలత తెలిసిన వస్తువు ఒకటి పెడతారు. గీతలు గీసిన కర్ర ఉన్నవాళ్ళు కర్ర పెడతారు. ఈ ఫొటోలో కాలువ గోడకు ఆనించి ఉన్నది ఒక నల్ల గొడుగు. పిడి విరిగితే దానికి ఆకుపచ్చ పట్టీ చుట్టి ఉంది. ఆ పట్టీ చుట్టింది ఎర్రపెన్నే, తన ఇంట్లో, వంటగది గడప మీద కూర్చుని. ఆ గొడుగు చెల్లెలిది.

దొంగతనం కొత్త కాదు. ఈ గదిలో కూర్చుని ఎన్ని చూసిందో. కాని గొడుగు తీసేయాలన్న పాటి శ్రద్ధ కూడా లేని దొంగను చూడడం ఇదే మొదలు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగకు పట్టుబడతానన్న భయమే లేదు, అదీ రోత పుట్టించే సంగతి.

చెల్లెలు కాలేజీలో ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగంలో పాఠాలు చెబుతుంది. వేసవి సెలవులు ఇస్తే చాలు, టార్చి పట్టుకుని ఆ కాలువల్లోకి దూరేది. వ్యాసం రాసి మండలికి పంపింది, అక్క పలుకుబడితో అచ్చయిందని ఎవరూ అనకూడదని అక్కకు మాటమాత్రం కూడా చెప్పకుండా. "మండలి ప్రమాణములకు సరితూగదు" అని ఒకే ఒక్క వాక్యం జవాబు వచ్చాక, ఏడుపు ఆగనప్పుడు చెప్పింది. ఇప్పుడు అదే కాలేజీలో పర్మనెంటు ఉద్యోగం పడింది. గుర్తింపు ఉన్న పత్రికలో అచ్చయిన వ్యాసం చూపించాలి. ఈసారి తప్పితే వయోపరిమితి దాటిపోతుంది, ఇక జన్మలో రాదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి ఎర్రపెన్ను ప్రూఫు చెల్లెలి ముందు పెట్టింది. చెల్లెలు బట్టలు మడత పెడుతోంది. ఫొటో చేతిలోకి తీసుకుంది.

"ఇది మన గొడుగే కదే?" అంది అక్క.

"గొడుగూ మనదే, అక్షరాలూ మనవే. పేరొక్కటే వాళ్ళది." చెల్లెలు మళ్ళీ బట్టలు మడత పెట్టబోయి, మానేసి, ఆ చొక్కాను అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఆయన ఇంటర్వ్యూ బోర్డులో ఉన్నాడక్కా."

"ఉంటే?"

"ఉంటే ఏముంది, నోరు మూసుకోవాలి. ఇది అచ్చయిందంటే నా వ్యాసం నేను ఇంకెక్కడికీ పంపలేను. పంపితే ఆయన దగ్గర కాపీ కొట్టానంటారు. దొంగని నేనవుతాను."

"నేను అడుగుతాను."

"ఎవర్ని? ఆ అత్తరాయన్నా? ఆయన్ని అడిగితే నీ ఉద్యోగం కూడా ఊడుతుంది. వదిలెయ్యక్కా."

వదిలెయ్యమన్నది వదిలేసే రకం అయితే ఆవిడకు ఎర్రపెన్నని పేరెందుకు వస్తుంది? మర్నాడు పొద్దున్నే ప్రూఫు పట్టుకుని కార్యదర్శి గదికి వెళ్ళింది. అత్తరాయన బిస్కెట్లు టీలో ముంచుకుని తింటున్నాడు. సగం బిస్కెట్టు టీలో పడిపోతే వేలితో తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆ వేలితోనే ఫొటో అందుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? లోకంలో ఉన్నది ఒక్క గొడుగేనా?"

"ఆకుపచ్చ పట్టీ ఉన్న గొడుగు ఒక్కటే సార్. ఆ పట్టీ నేనే చుట్టాను."

ఆయన ఫొటో మీద పడ్డ బిస్కెట్టు తడిని మోచేత్తో తుడిచాడు. "సరే, మీ చెల్లెలిదే అనుకుందాం. అయితే ఏమైంది? చిన్నవాళ్ళు తవ్వుతారు, పెద్దవాళ్ళు రాస్తారు. ఇది ఎప్పట్నించో ఉన్నదే కదా. ఆ అమ్మాయి పేరు చివర కృతజ్ఞతల్లో వేయిద్దాంలే. సంతోషమేనా?"

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, చెల్లెలి కష్టంలోంచి చెల్లెలికే ఒక ముక్క విదిలిస్తున్నాడు. పైగా సంతోషించాలట. ఎర్రపెన్నుకు ఆ గదిలో ఊపిరి తీసుకోవడమే అసహ్యంగా అనిపించింది. వెళ్ళబోతుంటే ఆయనే వెనక్కి పిలిచాడు.

"అన్నట్టు, ఈసారి మన పత్రిక గుర్తింపు మీద తనిఖీ ఉంది. ప్రతి వ్యాసానికీ రిఫరీ రిపోర్టు ఫైల్లో ఉండాలంటున్నారు, పెద్దవాళ్ళ వ్యాసాలకి కూడా. మామూలుగా నేనే రెండు ముక్కలు గిలికి పారేసేవాణ్ణి, ఈసారి చేతిరాతలు కూడా చూస్తారట. అన్నీ పద్ధతి ప్రకారం పంపించెయ్."

"పద్ధతి ప్రకారమేనా సార్?" అని అడిగింది ఎర్రపెన్ను.

"తు.చ. తప్పకుండా."

మండలి పద్ధతి కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది. వ్యాసం మీద రచయిత పేరు తీసేయాలి. రచయితెవరో పట్టిచ్చే వాక్యాలు కొట్టేయాలి. పేరు బదులు ఒక నంబరు వేయాలి. ఫొటోలు కార్యాలయంలోనే ఉంచుకోవాలి. ఆ విషయంలో నిపుణుడిగా మండలి పట్టికలో ఎవరి పేరుంటే వారికి, అచ్చుకు పనికొస్తుందో లేదో రిఫరీగా తేల్చడానికి, పంపాలి. ఇక ఆ పట్టిక చూస్తేనే అసలు మజా. అధ్యక్షులవారు పదవిలోకి వచ్చిన కొత్తలో దాన్ని ముందేసుకుని కూర్చుని, నాణేలకు నిపుణుడు తానే అని రాసుకున్నారు. కోటలకు తానే, శాసనాలకు తానే, తూనికలకు తానే, పాదరక్షలకు కూడా తానే. నేల కింది నీటి కట్టడాలకు ఆయన పేరు తప్ప ఇంకో పేరు లేదు.

ఎర్రపెన్ను పద్ధతి ప్రకారమే చేసింది. "నా పూర్వ రచనలలో" అంటూ మొదలయ్యే మొదటి పేజీ రచయితను పట్టిస్తుంది కనక పూర్తిగా తీసేసింది. మిగిలింది మొత్తం చెల్లెలి వ్యాసమే. దానికి నంబరు వేసి, కవర్లో పెట్టి, నిపుణుడిగారికి పంపింది. ఆయన చదువుతాడు, తన వ్యాసమేనని పోలుస్తాడు, తేలు కుట్టిన దొంగలా నోరెత్తకుండా వెనక్కి తీసుకుంటాడు. అదీ ఆవిడ అనుకున్నది. సిగ్గుపడడానికి మనిషికి ఒక చాటు కల్పిద్దామనుకుంది. అంత వయసొచ్చీ ఎంత అమాయకురాలో చూడండి.

మామూలుగా ఆయన దగ్గరికి వెళ్ళిన వ్యాసాలు నెలల తరబడి మూలుగుతాయి. ఇది మాత్రం గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చింది, ఆయన స్వహస్తంతో రాసిన నివేదికతో సహా. ఎర్రపెన్ను నిలబడే చదివింది.

"ఈ వ్యాసకర్త ఎవరో గాని, కుర్చీలోంచి కదలకుండా కాలువలను ఊహించుకున్న వ్యక్తి. భాష బడిపిల్లల భాష. పాండిత్యం మచ్చుకైనా లేదు. కొలతలు విశ్వసనీయం కావు. రెండు బావుల నడుమ కాలువ ఎగువకు పారినట్లు చూపడం హాస్యాస్పదం. పైగా ఇదే విషయంపై ఒక మహా పండితుని ప్రామాణిక వ్యాసం ఇదే సంపుటంలో అచ్చు కానున్నట్లు నాకు తెలియును. దాని పక్కన ఇటువంటి చెత్తను ఉంచుట మండలికి అప్రతిష్ఠ. నిర్ద్వంద్వంగా తిరస్కరించవలెను."

మొదట నవ్వొచ్చింది. తన పేరు పెట్టుకున్న వ్యాసాన్ని ఆయన ఒక్కసారైనా చదవలేదు. తన దారిలోకి ఎవరో అడ్డొస్తున్నారనుకుని, తన వ్యాసాన్ని కాపాడుకోవడానికి తన వ్యాసాన్నే నరికాడు. నవ్వు గొంతులో ఉండగానే ఇంకో సంగతి తట్టింది. ఎవరో ఒక అనామకుడి ఏళ్ళ కష్టం అనుకునే కదా, ఇంత ఉత్సాహంగా ఉరి తీశాడు? ఇలాంటి నివేదికలు పాత ఫైళ్ళలో ఎన్ని ఉన్నాయో! వాటిలో అక్షరదోషాలు దిద్దింది తనే.

కార్యవర్గ సమావేశం పై అంతస్తు హాల్లో జరిగింది. పొడుగాటి బల్ల, చుట్టూ అరిగిపోయిన తోలు కుర్చీలు, మధ్యలో బిస్కెట్ల పళ్ళేలు. సమావేశం ఎప్పుడు మొదలైనా కోశాధికారి అప్పటికే నిద్రలో ఉంటాడు. ఎర్రపెన్ను చివర కూర్చుని మినిట్స్ రాస్తుంది, రిఫరీ నివేదికలు పైకి చదువుతుంది.

నంబరు చెప్పి ఈ నివేదిక చదవడం మొదలుపెట్టగానే అధ్యక్షులవారి మొహం వెలిగింది. తన వాక్యాలకు తానే తల పంకించారు. "హాస్యాస్పదం" దగ్గర వేలితో బల్ల మీద తాళం వేశారు. చదవడం పూర్తయ్యేసరికి కోశాధికారికి మెలకువ వచ్చింది.

"ఎవరిదండీ ఈ చెత్త?" అన్నాడాయన, పళ్ళెం వైపు చెయ్యి చాపుతూ.

"ఈ నంబరు అధ్యక్షులవారి వ్యాసానిది సార్," అంది ఎర్రపెన్ను.

కోశాధికారి చెయ్యి పళ్ళెం మీదే ఆగిపోయింది. అధ్యక్షులవారి మెడ ఎర్రబడి, తరవాత చెవులు ఎర్రబడి, ఆ ఎరుపు నుదుటి దాకా ఎక్కింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆయన సిగ్గుపడతాడేమోనని ఎర్రపెన్నుకు ఆశ కలిగింది.

ఆయన లేచి నిలబడి చేతులు కట్టుకున్నారు. "మిత్రులారా, నా రాతనే నేను వదల్లేదు. చూశారుగా? ఇతరుల పట్ల కఠినంగా ఉండడం ఎవరైనా చేస్తారు. తన పట్ల తాను ఇంత నిర్దయగా ఉండగలిగినవాడే..." ఇక్కడ గొంతు కొంచెం వణికించారు కూడా.

చప్పట్లు మొదలుపెట్టింది అత్తరాయన. తరవాత పక్కాయన, ఆ పక్కాయన, చివరికి కోశాధికారి. బిస్కెట్టు పొడి రాలేలా కొట్టారు. ఎవరో "ఆత్మవిమర్శ!" అన్నారు. ఇంకెవరో "ఇది సంపుటానికి ముందుమాటగా వేయాలి" అన్నారు. ఛీ, అనుకుంది ఎర్రపెన్ను. మురుగు కాలువ కూడా ఎక్కడో ఒకచోట నిండుతుంది, వీళ్ళకు ఆ అంచు కూడా లేదు. ఆవిడ లేచి ఫొటోను బల్ల మధ్యలోకి తోసింది.

"ఆత్మవిమర్శ కాదు సార్. ఆ వ్యాసం మీది కానే కాదు. మా చెల్లెలిది. ఈ గొడుగు మా ఇంట్లో ఉంది, తెమ్మంటే తెస్తాను."

అధ్యక్షులవారు ఫొటో వంక చూడనైనా చూడలేదు. నెమ్మదిగా కూర్చుని, నవ్వారు.

"అలాగా అమ్మా. అయితే ఒక్క సంగతి తేల్చు. వ్యాసం నాదైతే, ఆ రిపోర్టు నా వినయం. చిన్న చిన్న సవరణలు చేసి అచ్చేస్తాం. మీ చెల్లెలిదైతే మాత్రం అది రిఫరీ తిరస్కరించిన చెత్త. మండలి నిర్ణయం కింద రికార్డవుతుంది. వచ్చే వారమేగా ఆ అమ్మాయి ఇంటర్వ్యూ? బోర్డులో నేనుంటాను. ఈ రిపోర్టు కూడా నాతోనే ఉంటుంది. ఇప్పుడు చెప్పు, ఎవరిదని రాసుకుందాం?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా ఆ గొయ్యి తవ్వింది తనే. తన తెలివి తీసుకెళ్ళి చెల్లెలి మెడకు తగిలించింది. మా చెల్లెలిది కాదు, మీదే అనేస్తే చెల్లెలికి కనీసం కృతజ్ఞతల్లో చోటు దొరుకుతుంది, ఇంటర్వ్యూలో ఆయన కోపం ఉండదు, ఉద్యోగం రావచ్చు కూడా. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఆ మాట అనడానికి తనెవరు?

"అది నేను చెప్పేది కాదు సార్," అని చెల్లెలికి ఫోను చేసి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది. జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది, తను చేసిన పనితో సహా.

అత్తరాయన ఫోను మీదికి వంగి గొంతులో వెన్న పూశాడు. "అమ్మాయీ, తొందరపడకు. కృతజ్ఞతల్లో మొట్టమొదటి పేరు నీదే. పెద్దాయన ఆశీస్సులుంటే నీ భవిష్యత్తు..."

"అక్కా," అంది చెల్లెలు, ఆయన మాట పూర్తి కాకుండానే. "ఆ రిపోర్టు చదువు."

"ఎందుకే?"

"చదువక్కా."

ఎర్రపెన్ను చదివింది. కుర్చీలోంచి కదలకుండా అన్న దగ్గర ఆగి కాగితం దించింది. "ఆగకు," అంది చెల్లెలు. చివరి వాక్యం అయ్యాక ఏడుస్తోందేమో అనుకున్నారు అందరూ.

"ఆ రెండు బావుల మధ్య కొలత తప్పే," అంది చెల్లెలు. మామూలు గొంతు, క్లాసులో పిల్లలతో మాట్లాడే గొంతు. "అక్కడ నడుం దాకా బురద. గొడుగు జారి పడిపోయింది. టార్చి ఆరిపోయింది. భయమేసి, చేత్తో తడుముకుని అందాజుగా కొలిచి బయటికొచ్చేశాను. మళ్ళీ వెళ్ళి సరిచూసుకోవాల్సింది, వెళ్ళలేదు. ఆ తప్పు నాదే." తరవాత అధ్యక్షులవారినే అడిగింది. "సార్, మీరు వింటున్నారా? ఆ తప్పు చెయ్యాలన్నా లోపలికి వెళ్ళాలి సార్. అది మీది ఎలా అవుతుంది?"

అత్తరాయన ఫోను మీంచి వెనక్కి జరిగాడు.

"నా పేరు రాయక్కా. తిరస్కరించామని కూడా రాయి. చెత్తయినా సరే, అది నాది."

ఫోను పెట్టేసింది.

"రాసుకోమను, రాసుకోమను," అన్నారు అధ్యక్షులవారు, గోడ మీది ఫొటోలను ఉద్దేశించినట్టుగా. "రేపు తనే ఏడుస్తుంది."

"మరి సంపుటంలో ఆ పేజీల్లో ఏం వేద్దామండీ?" అన్నాడు అత్తరాయన.

"నా సన్మానం ఫొటోలున్నాయిగా."

ఎర్రపెన్ను మినిట్స్‌లో వ్యాసం పేరు రాసింది. రచయిత అన్న చోట చెల్లెలి పేరు, ఇంటిపేరుతో సహా, పొల్లు తప్పకుండా రాసింది. తిరస్కరించడమైనది అని రాసింది. పుస్తకం జరిపితే అధ్యక్షులవారు చదవకుండానే సంతకం గీకి, వేళ్ళకంటిన సిరా బల్లగుడ్డకు తుడుచుకున్నారు.

ఇంటర్వ్యూ సంగతి వేరే చెప్పాలా? ఉద్యోగం అధ్యక్షులవారి శిష్యుడికి వచ్చింది, చెల్లెలి వ్యాసాన్ని మళ్ళీ టైపు చేసి మొదటి పేజీ అతికించినవాడికి. ఫలితం తెలిసిన మర్నాడు పొద్దున్నే చెల్లెలు పాత చీర కట్టుకుని, కొత్త బ్యాటరీలు వేసిన టార్చి పట్టుకుని, ఆ రెండు బావుల దగ్గరికి బయల్దేరింది. ఆ రోజు ఎర్రపెన్నుకు ఆఫీసుంది. వెళ్ళలేదు, తరవాత కూడా ఇక వెళ్ళలేదు. బావి గట్టు మీద బోర్లా పడుకుని, చెల్లెలి నడుముకు కట్టిన తాడు రెండు చేతులా పట్టుకుని, లోపలి నుంచి కొలత వినబడే దాకా కదలకుండా ఉంది.